ముంజకాయ బండి ఎవరిది?

ఎండాకాలంలో ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయలను పెద్దలు దిబ్బ మీద పారేస్తారు. పిల్లలు వాటిని ఏరి తెచ్చుకుంటారు. ఒకే తీరు కాయలు రెండు తీసి, గట్టి పుల్లను అడ్డంగా గుచ్చితే చక్రాలూ ఇరుసూ తయారు. కొస పంగలా చీలిన పొడుగు కట్టెను ఇరుసుకు ఆనించి తోస్తే బండి ఉరుకుతుంది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లిలోనే కాదు, పరకాల, చిట్యాల, రేగొండ చుట్టుపక్కల తాటిచెట్లున్న ఏ ఊళ్లోనైనా ఈ బండి తెలిసిందే. దాని పేరు మాత్రం తోసేవాడి ఇష్టం. ఈ పూట ట్రాక్టరు, రేపు పత్తి మూటలు మోసే డీసీఎం. భూపాలపల్లి బొగ్గు గనుల దిక్కు పోయొచ్చినవాడికైతే డంపరు. ఇంజను చప్పుడు నోటితోనే.

ఆ పక్కనే చింతచెట్టు నీడలో ఇంకో ఆట సాగుతుంటుంది. మూడు రాళ్లు పేరిస్తే పొయ్యి, పగిలిన కుండపెంకు గంజు, తడి మట్టి అన్నం, చింతచిగురు కూర. పాత చీరముక్క దొరికితే ఆ రోజు పండగే. ఒక పిల్ల అమ్మ, ఒకతె అత్త, మరొకతె ఉప్పు బదులు అడగను వచ్చిన పక్కింటామె. బువ్వాలాట.

రెండు ఆటలకూ ముడిసరుకు దాదాపు ఒకటే. కట్టె, రాయి, మట్టి, ఆకు. వీటిలో దేని మీదా ‘మగపిల్లలకు’ అనిగానీ ‘ఆడపిల్లలకు’ అనిగానీ ముద్ర లేదు. పైసా పెట్టి కొన్నవి కావు కాబట్టి కంపెనీవాళ్లు వేసిన రంగు పన్నాగం కూడా కాదు. అయినా బండి తోసేది ఎక్కువగా మగపిల్లలు, బువ్వ వండేది ఎక్కువగా ఆడపిల్లలు. ఈ గీత ఎవరు గీశారు? పుట్టుకా, అమ్మానాన్నలా, తోటిపిల్లలా, లేక పిల్లల బుర్రలోనే ఏదైనా యంత్రాంగం ఉందా? గత యాభై ఏళ్లుగా బాల మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్న మీద చేసిన ప్రయోగాలు కొన్ని నవ్వు తెప్పిస్తాయి, కొన్ని ఇబ్బంది పెడతాయి.

గీత కొత్తది కాదన్నది మాత్రం ఖాయం. ఇప్పటి జనగామ జిల్లా బమ్మెరకు చెందిన పోతన 15వ శతాబ్దంలో రాసిన భాగవతం దశమ స్కంధంలో ఇద్దరు పిల్లల ఆటలు కనిపిస్తాయి. చిన్నారి రుక్మిణి బొమ్మలకు పెళ్లిళ్లు చేస్తుంది, గుజ్జెనగూళ్లు వండించి చెలులకు పెట్టిస్తుంది. బాలకృష్ణుడు తాను ఆబోతునని, తోటివాళ్లు ఆవులని చెప్పి వంగి రంకెలు వేస్తాడు. మరుక్షణం తాను రాజు, వాళ్లు భటులు. ఆ తర్వాత తాను దొంగ, వాళ్లు ఇంటివాళ్లు. చివరికి తాను సూత్రధారి, మిగతావాళ్లంతా వేషగాళ్లు. పిల్లల ‘ఉత్తుత్తి’ ఆటను ఇంత సూక్ష్మంగా పట్టుకున్న కవి అరుదు. పిల్లవాడు పాత్రలు పంచుతున్నాడు, వస్తువేదీ లేకుండానే కథ కడుతున్నాడు. రుక్మిణి ఆటలోనూ కల్పనకు తక్కువ లేదు. కానీ ఆమె వేసే పాత్రలు రేపు ఆమె నిజంగా చేయబోయేవి. ఆబోతు, దొంగ, రాజు, సూత్రధారి అనే ఎంపిక ఆమె ముందు లేదు.

ఈ ఉత్తుత్తి ఆట ఎప్పుడు మొదలవుతుందో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే తన సొంత పిల్లలనే గమనిస్తూ రాసిపెట్టాడు. ఆయన కూతురు జాక్వెలీన్ ఏడాదీ మూడు నెలల వయసులో కుచ్చుల అంచున్న గుడ్డ ఒకటి చూసింది. ఆ అంచు తన దిండును గుర్తు చేసిందేమో, దాన్ని పట్టుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని, పక్కకు తిరిగి పడుకుంది. నిద్ర కోసం కాదు, నవ్వుతూ. గుడ్డ దిండు కాదని ఆ పసిదానికి తెలుసు. తెలిసే దిండు అనుకుంది. చూడటానికి చిన్న సంగతే కానీ, ఉన్నదాన్నీ అనుకున్నదాన్నీ మనసులో పక్కపక్కనే పెట్టుకుని, రెండూ కలిసిపోకుండా చూసుకోవడం తేలిక పని కాదు. 1987లో ఆలన్ లెస్లీ ఈ చిక్కునే ముందుకు తెచ్చాడు. అమ్మ అరటిపండు చెవి దగ్గర పెట్టుకుని ‘హలో’ అంటే రెండేళ్ల పిల్లకు అరటిపండ్ల గురించీ ఫోన్ల గురించీ గందరగోళం రావాలి కదా, ఎందుకు రాదు? అనుకోవడం అనేదాన్ని విడిగా గుర్తుపట్టే శక్తి మనసుకు అప్పటికే ఉండబట్టి, అన్నాడు. తాటికాయను డంపరు అనే మొగుళ్లపల్లి పిల్లవాడు చేసేదీ ఇదే.

రష్యాలో లెవ్ వైగాట్‌స్కీ 1933లో ఆట మీద చేసిన ప్రసంగంలో ఇంకో వైపు చూపించాడు. అంతకు ముందు ఇంగ్లండ్‌లో జేమ్స్ సల్లీ గమనించిన ఇద్దరు అక్కాచెల్లెళ్ల ఉదాహరణ తీసుకున్నాడు. ఒకరికి ఐదేళ్లు, ఒకరికి ఏడు. ఒక రోజు వాళ్లు ‘అక్కాచెల్లెళ్ల ఆట’ ఆడుకున్నారు. నిజజీవితంలో ఎలాగూ అక్కాచెల్లెళ్లే. ఆటలో మాత్రం ఒకే తీరు బట్టలు, చేతులు పట్టుకుని నడవడం, ఒకే రకం మాట. అక్కాచెల్లెళ్లంటే ఎలా ఉండాలో ఆ నియమాలను బయటికి తీసి, పట్టుకుని చూశారన్నమాట. వైగాట్‌స్కీ దృష్టిలో ఉత్తుత్తి ఆట అంటే ఇష్టారాజ్యం కాదు, ఒప్పుకున్న నియమాల రాజ్యం. బువ్వాలాటలో అమ్మ పాత్ర వేసే ఐదేళ్ల పిల్లను గమనిస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. నిజం అమ్మ ఎప్పుడైనా నవ్వుతుంది, ఎప్పుడైనా అలిసి కూలబడుతుంది. ఆటలో అమ్మ ఆగకుండా వండుతుంది, తోముతుంది, కసురుతుంది. అమ్మ అనే పాత్రకు ఊరు రాసిన నియమావళి అది. పిల్ల దాన్ని వల్లె వేస్తోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఉత్తుత్తి ఆటతో తెలివి పెరుగుతుందని, భాష పెరుగుతుందని, సృజన పెరుగుతుందని పుస్తకాలు ధీమాగా చెబుతుంటాయి. ఆంజెలీన్ లిలార్డ్ బృందం 2013లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, అంత గట్టి మాటలకు సరిపడా ఆధారాలు లేవని తేల్చింది. ఆట దేనికీ పనికిరాదని దీని అర్థం కాదు. పిల్లలు ఆడేది మార్కుల కోసం కాదు కాబట్టి ఆట విలువను మార్కులతో తూచడంలోనే ఏదో తేడా ఉంది.

సరే, గీత దగ్గరికి వద్దాం. బొమ్మలంటే ఆడపిల్లకు, బండ్లంటే మగపిల్లవాడికి పుట్టుకతోనే ఇష్టమా? వాసంతి జాద్వా, మెలిసా హైన్స్, సుసాన్ గోలంబాక్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో 12, 18, 24 నెలల పిల్లలకు జంటజంటగా బొమ్మలు చూపించి, దేన్ని ఎంతసేపు చూస్తున్నారో కొలిచారు. రంగుల విషయంలో ఆడా మగా తేడా ఏమీ కనిపించలేదు. ఇద్దరూ నీలం కన్నా ఎర్రని రంగులనే ఎక్కువ చూశారు. బొమ్మల్లో మాత్రం తేడా ఉంది. ఆడపిల్లలు మగపిల్లలకన్నా మనిషి బొమ్మను ఎక్కువ చూశారు, మగపిల్లలు ఆడపిల్లలకన్నా కారును ఎక్కువ చూశారు. అయితే ఇదే అధ్యయనంలో ఇంకో ఫలితం ఉంది. ఏడాది వయసులో మగపిల్లలు కూడా కారుకన్నా బొమ్మనే ఎక్కువ చూశారు. ముఖం, కళ్లు ఉన్నదాని మీద పసివాళ్లకు మక్కువ ఉండటంలో వింత లేదు. కాబట్టి తర్వాత్తర్వాత పిల్లవాడు బొమ్మకు దూరం జరగడం నేర్చుకున్నదై ఉండవచ్చని వాళ్ల సూచన.

ఏడాది నుంచి మూడేళ్ల మధ్య ఏం జరుగుతుంది? తెలంగాణ పల్లెల్లో ఆ వయసుకే సంబంధించిన ఆచారం ఒకటుంది. పుట్టెంట్రుకలు తీయించేదాకా పిల్లవాడి జుట్టు పెరుగుతుంది. వేములవాడ రాజన్న దగ్గరికో, కొమురవెల్లి మల్లన్న దగ్గరికో పోయేముందు చాలా ఇళ్లలో ఆ జుట్టుకు చిన్న జడ వేసి, పూలు పెట్టి, బొట్టూ కాటుకా దిద్ది, గౌను తొడిగి ఫొటో దించుతారు. స్టూడియోలో తీసిన ఆ ఫొటో గోడకెక్కుతుంది. మేనత్తలు ముద్దులు పెడతారు. ఎవరికీ ఏ భయమూ ఉండదు. అదే పిల్లవాడు నాలుగేళ్లప్పుడు చెల్లె రిబ్బను పెట్టుకుంటే మాట మారుతుంది. ‘ఆడిపిల్ల లెక్క ఏందిరా’ అని ఎవరో ఒకరు అంటారు. మధ్యలో పిల్లవాడు మారలేదు. వేషం పెద్దవాళ్లు వేసినంతకాలం ముచ్చట, వాడు తనకు తాను వేసుకుంటే తప్పు.

పిల్లల వైపు నుంచి చూస్తే ఆ రెండేళ్లు మహా తీవ్రమైన పరిశోధనా కాలం. రెండు, రెండున్నరేళ్లకు తాము ఆడో మగో చెప్పగలుగుతారు. కానీ ఆ గుర్తింపు దేని మీద ఆధారపడుతుందో వాళ్లకే స్పష్టంగా తెలియదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సాండ్రా బెమ్ తన కొడుకు గురించి రాసిన సంగతి ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పిల్లవాడు జుట్టుకు క్లిప్పులు పెట్టుకుని నర్సరీకి వెళ్లాడు. ఇంకో పిల్లవాడు రోజంతా ‘నువ్వు ఆడపిల్లవు, క్లిప్పులు ఆడపిల్లలే పెట్టుకుంటారు’ అని వెంటపడ్డాడు. మగవాడంటే శరీరాన్ని బట్టి అని ఇంట్లో నేర్చుకున్న బెమ్ కొడుకు విసిగిపోయి నిక్కరు కిందికి దించి రుజువు చూపించాడు. అవతలివాడు కొంచెం కూడా తగ్గలేదు. అది అందరికీ ఉంటుంది, క్లిప్పులు మాత్రం ఆడపిల్లలకే అన్నాడు. నాలుగేళ్లవాడి తర్కంలో తప్పు పట్టడం కష్టం. బట్టల కింద ఏముందో వాడికి కనిపించదు. కనిపించేది క్లిప్పు, గౌను, బండి, గంజు.

అందుకే ఆ వయసులో పిల్లలు పెద్దలకన్నా ఛాందసులు. ఆడా మగా అన్నది బట్టలతో, జుట్టుతో మారిపోదన్న నమ్మకం పూర్తిగా స్థిరపడేది ఐదేళ్లకూ ఏడేళ్లకూ మధ్య అని లారెన్స్ కోల్‌బర్గ్ 1966లో ప్రతిపాదించాడు. అప్పటిదాకా తప్పు బొమ్మ పట్టుకుంటే తానే మారిపోతానేమోనన్న అనుమానం లోపల ఎక్కడో ఉంటుంది. ఇక నియమం తప్పే సాహసం ఎవరు చేస్తారు?

నియమాలు ఎక్కడి నుంచి వస్తాయో చూపే ప్రయోగాల్లో 1976 నాటిది ఒకటి ప్రసిద్ధం. ఆరు నెలల పసివాణ్ణి 11 మంది తల్లుల చేతికి విడివిడిగా ఇచ్చారు. కొందరికి గులాబీ గౌనులో ‘బెత్’ అని, కొందరికి నీలం బట్టల్లో ‘ఆడమ్’ అని చెప్పారు. బిడ్డ ఒక్కడే. పక్కన చేప, బొమ్మ, రైలు ఉంచారు. బెత్ అనుకున్నవాళ్లు బొమ్మను, ఆడమ్ అనుకున్నవాళ్లు రైలును ఎక్కువగా అందించారు. ఆడా మగా తేడా చూపించబోమని చెప్పిన తల్లులే ఆ పని చేశారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. తమ చేతులు చేసే పని వాళ్లకే తెలియదు, అంతే. అదే ఏడాది జాన్, సాండ్రా కాండ్రీ పెద్దలకు ఒక వీడియో చూపించారు. పెట్టె మూత తెరుచుకుని బొమ్మ ఎగిరితే తొమ్మిది నెలల బిడ్డ ఏడుస్తుంది. మగపిల్లవాడని చెప్పినవాళ్లకు ఆ ఏడుపులో కోపం ఎక్కువ కనిపించింది, ఆడపిల్లని చెప్పినవాళ్లకు భయం ఎక్కువ కనిపించింది. కోపం వచ్చిన బిడ్డనూ భయపడ్డ బిడ్డనూ పెద్దలు ఒకేలా ఎత్తుకోరు కదా.

అయితే అంతా పెంపకమేనా అంటే, అలా ముగించడం కూడా తొందరపాటే. పుట్టుకతో అడ్రినల్ గ్రంథుల లోపం వల్ల గర్భంలోనే పురుష హార్మోన్లు ఎక్కువగా సోకిన ఆడపిల్లలు బండ్లు, దిమ్మెలు వంటివాటితో మిగతా ఆడపిల్లలకన్నా ఎక్కువసేపు ఆడతారని షెరి బెరెన్‌బామ్, మెలిసా హైన్స్ 1992లో చూపించారు. తర్వాత వేరే బృందాలకూ ఇలాంటి ఫలితమే వచ్చింది. హార్మోన్లకు ఎంతో కొంత పాత్ర ఉందని ఒప్పుకోక తప్పదు.

కోతుల సంగతి అంత సూటిగా లేదు. 2002లో గెరియాన్ అలెగ్జాండర్, హైన్స్ 88 వెర్వెట్ కోతుల ముందు బొమ్మలు వేశారు. మగ కోతులు బంతినీ పోలీసు కారునూ, ఆడ కోతులు బొమ్మనూ వంటపాత్రనూ ఎక్కువసేపు పట్టుకున్నాయి. పత్రికలకు పండగ. కానీ వంట చేయని జాతిలో ఆడ కోతికి వంటపాత్ర ‘ఆడ బొమ్మ’ ఎలా అయ్యింది? పొయ్యి ముఖం చూడని కోతి అమ్మమ్మ అది చెప్పి ఉంటుందా? పాత్ర ఎర్రగా ఉండటం వల్లనో, ఆకారం వల్లనో అయి ఉండవచ్చు. 2008లో రీసస్ కోతుల మీద చేసిన ప్రయోగంలో మగవి చక్రాల బొమ్మలకు స్పష్టంగా మొగ్గాయి, ఆడవి మాత్రం రెండు రకాలతోనూ ఆడాయి. కదిలేవాటి మీద మగ పిల్లలకు కొంత మొగ్గు పుట్టుకతో ఉండవచ్చు. దాని నుంచి గరిటె ఆడపిల్లది, పారపని మగపిల్లవాడిది అనే దాకా వెళ్లే దారి మాత్రం ఊరు వేసిందే.

రంగు విషయంలో ఇది మరీ తేటతెల్లం. 2021లో అచ్చయిన అధ్యయనంలో పెరూలోని షిపీబో గ్రామాల్లో, కాంగో అడవుల బయాకా వేటగాళ్ల మధ్య, వనువాటు దేశపు టాన్నా దీవిలో పిల్లలను పరీక్షించారు. ఆడపిల్లలకు గులాబీ మీద ప్రత్యేక ప్రేమ ఎక్కడా కనిపించలేదు. ఆస్ట్రేలియా నగరం బ్రిస్బేన్‌లో మాత్రం కనిపించింది. షాపులున్న చోటే ఆ ప్రేమ పుట్టిందన్నమాట.

తెలుగునాట బొమ్మల కొలిమి లాంటి ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, చెట్ల ఆకులూ గింజలతో రంగులు తీసే పద్ధతిని నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ తరిణె మీద బొంగరమూ తయారవుతుంది, లక్కపిడతలూ తయారవుతాయి. ఒకే కర్ర, ఒకే లక్క, ఒకే పనివాడి చేయి. బుట్టలో పక్కపక్కనే కూర్చున్న ఆ రెండూ కొనుగోలుదారు ఇంటికి చేరాకే అన్న చేతికీ చెల్లె చేతికీ విడిపోతాయి. కొండపల్లి బొమ్మల సంగతి కొంచెం వేరు. తెల్లపొణికితో చేసే ఆ పల్లెబొమ్మల్లో తాడిచెట్టు ఎక్కేది మగవాడు, దంచేదీ చిలికేదీ ఆడమనిషి. బొమ్మ చెక్కినప్పుడే పనుల పంపకం జరిగిపోయింది.

ఇప్పటి జాతరల్లో, అంగళ్లలో దొరికేది ఎక్కువగా ప్లాస్టిక్కు. తుపాకీ, జేసీబీ ఒక దండెం మీద, గులాబీ డబ్బాలో వంటసామాను, మేకప్ పెట్టె ఇంకో దండెం మీద. ఇది అనాదిగా వస్తున్నదని అనుకోనక్కరలేదు. అమెరికాలో సియర్స్ సంస్థ బొమ్మల కేటలాగులను పరిశీలించిన ఎలిజబెత్ స్వీట్, 1975లో ఫలానావి మగపిల్లలకు, ఫలానావి ఆడపిల్లలకు అని సూటిగా అమ్మిన బొమ్మలు 2 శాతం కూడా లేవని చూపించింది. ఆ తర్వాతి దశాబ్దాల్లోనే గులాబీ, నీలం గోడలు లేచాయి. కారణం ఊహించడం కష్టం కాదు. అక్క సైకిలు తమ్ముడు తొక్కితే కంపెనీకి ఒక సైకిలు నష్టం.

మొగుళ్లపల్లి లాంటి పత్తి, వరి, మిర్చి ఊళ్లలో కొన్న బొమ్మ ఇప్పటికీ పండక్కో జాతరకో వచ్చే చుట్టం. కాబట్టి ఇక్కడ కంపెనీల కన్నా పెద్ద సంగతి ఒకటుంది. పుస్తకాల్లో దానికి దక్కాల్సినంత చోటు దక్కలేదు. అది ఆడుకునే తీరిక.

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇందులో గమనించాల్సింది అంకె కన్నా వయసు. ఈ సర్వే లెక్క ఆరేళ్ల నుంచే మొదలవుతుంది. ఆరేళ్లంటే బువ్వాలాట వయసే. ఆడపిల్ల విషయంలో జరిగేది ఇదీ: నాలుగేళ్లకు ఉత్తుత్తి చీపురు పట్టుకుంటే ‘మా తల్లే’ అని మెచ్చుకుంటారు. ఐదేళ్లకు చిన్న చీపురు కొనిస్తారు. ఏడేళ్లకు వాకిలి ఊడ్వడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం, బోళ్లు తోమడం ఆమె పేరు మీద పడతాయి. అమ్మ పత్తి ఏరను పోయిన రోజు ఇల్లంతా ఆమెదే. మట్టి అన్నం నిజం అన్నమైంది. మగపిల్లవాడి డంపరు మాత్రం ఉత్తుత్తి డంపరుగానే ఇంకో ఏడెనిమిదేళ్లు సాగుతుంది. నిజం డంపరు వాడి చేతికి ఎవరూ ఇవ్వరు. అంటే ఇద్దరూ పెద్దల పనినే అనుకరించినా, ఒకరి ఆట తొందరగా నిజమై ఆగిపోతుంది, ఒకరి ఆట కలగానే మిగిలి కొనసాగుతుంది. ఆడపిల్లలకు బండి కొనివ్వాలా, బొమ్మ కొనివ్వాలా అని పట్నం తల్లిదండ్రులు తలలు పట్టుకుంటారు గానీ, పల్లెలో ముందు అడగవలసింది సాయంత్రం ఆమెకు ఓ గంట చేతులు ఖాళీగా ఉంటున్నాయా అని.

మగపిల్లల ఇబ్బంది వేరే రకం. వాళ్లకు తీరిక ఉంది, దారులు తక్కువ. ట్రాక్టరు నడిపే ఆడపిల్లను ‘మగరాయుడు’ అని నవ్వుతూ వదిలేస్తారు. అందులో కొంత మెప్పు కూడా ఉంటుంది. ‘మొగపోరడు బొమ్మలతోటి ఆడుడేంది’ అన్న మాటలో మెప్పు ఏ మూలా లేదు. జుడిత్ లాంగ్లోయిస్, క్రిస్ డౌన్స్ 1980లో మూడేళ్ల, ఐదేళ్ల పిల్లలకు ఆడవాళ్లవనుకునే బొమ్మలూ మగవాళ్లవనుకునే బొమ్మలూ ఇచ్చి, అమ్మ, నాన్న, తోటిపిల్లలు ఎలా స్పందిస్తారో చూశారు. కొడుకు బొమ్మ పట్టుకుంటే అడ్డుకోవడంలో, వెక్కిరించడంలో నాన్నలు ముందున్నారు. 2021లో లెగో సంస్థ కొన్ని దేశాల్లో చేయించిన సర్వేలో, అవతలి వర్గం బొమ్మతో ఆడితే ఎగతాళి చేస్తారేమోనని మగపిల్లల్లో 71 శాతం, ఆడపిల్లల్లో 42 శాతం భయపడ్డారు. బొమ్మలు అమ్ముకునే సంస్థ లెక్క కాబట్టి కొంచెం తగ్గించి చదువుకున్నా, రెండు అంకెల మధ్య ఎడం పెద్దదే.

ఇంత భయపడే సమాజమే రంగస్థలం మీద మగవాడు ఆడవేషం వేస్తే నెత్తిన పెట్టుకుంది. స్థానం నరసింహారావు సత్యభామగా అడుగు పెడితే ఆడవాళ్లు ఆయన నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకునేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మదీ అదే పాత్ర, అదే కీర్తి. ఒగ్గు కథలో కళాకారుడు గుడ్డ ఒకటి కొంగులా వేసుకుని క్షణంలో మల్లన్న భార్య అవుతాడు, ఊరంతా దణ్ణం పెడుతుంది. ఓరుగల్లును 13వ శతాబ్దంలో ఏలిన రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు. ఆమె తండ్రి గణపతిదేవుడి కొలువు మొత్తం కలిసి ఆడిన ఆ ఉత్తుత్తి ఆటకు రాజ్యమే పణం. పెద్దలకు వేషం ఇంత సహజమైనప్పుడు నాలుగేళ్లవాడి చీరకొంగు మీద అంత కంగారు ఎందుకన్నది శాస్త్రం కన్నా మన మనసులే జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

ఇంకో తమాషా ఉంది. వంట ఆడవాళ్ల పని అంటారు కదా. పెళ్లిలో డేగిశాల ముందు నిలబడేది మగ వంటమాస్టరు. సెంటర్లో టిఫిన్ బండి మీద దోసె తిప్పేది ఎక్కువగా మగవాడు. పైసలు వచ్చే వంట మగవాడిది, పైసలు రాని వంట ఆడవాళ్లది. పిల్లల కంటికి ఇది దాగదు. మగపిల్లవాణ్ణి బువ్వాలాటకు పిలిస్తే ముఖం తిప్పుకోవచ్చు. ‘హోటల్ ఆట’ అంటే వాడే వచ్చి గరిటె పట్టుకుంటాడు, చెల్లె చేత గ్లాసులు కడిగిస్తాడు.

బడికి ముందు పిల్లలు చేరేది అంగన్‌వాడీలో. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ పథకం కింద ఇవి వచ్చాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం కేంద్రం 2024లో ‘ఆధారశిల’ అనే పాఠ్య ప్రణాళిక ఇచ్చింది. ఆటలతో చదువు, చుట్టుపక్కల దొరికే వస్తువులతో బొమ్మలు అందులో ముఖ్యం. టీచర్‌కు ఇక్కడ కొత్త బొమ్మల కన్నా ఉపయోగపడే ఫలితం ఒకటుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన లేసీ హిలియార్డ్, లిన్ లిబెన్ 2010లో ప్రచురించిన ప్రయోగం అది. కొన్ని తరగతుల్లో టీచర్లను రెండు వారాల పాటు మాటిమాటికీ ఆడా మగా అని విడదీసి మాట్లాడమన్నారు. ఆడపిల్లలొక వరస, మగపిల్లలొక వరస. గుడ్ మార్నింగ్ గర్ల్స్, గుడ్ మార్నింగ్ బాయ్స్. ఎవరు దేనికి పనికొస్తారన్న మాట ఒక్కటీ చెప్పలేదు. మిగతా తరగతులు మామూలుగా నడిచాయి. రెండు వారాల తర్వాత, విడదీసిన తరగతుల్లో ఫలానా పని ఆడవాళ్లది, ఫలానాది మగవాళ్లది అన్న నమ్మకాలు పెరిగాయి, అవతలి జట్టు పిల్లలతో కలిసి ఆడటం తగ్గింది. మన బడుల్లో, అంగన్‌వాడీల్లో ఈ రెండు వరసలు ఎవరూ ఆలోచించకుండానే పడుతుంటాయి. పేరు మొదటి అక్షరంతోనో, వేసుకున్న చొక్కా రంగుతోనో వరస కట్టిస్తే ఖర్చేమీ కాదు.

పాత్రల పంపకాన్ని మార్చేది ఎక్కువగా కళ్ల ముందు కనిపించే మనుషులు. బస్సు ఆటనే చూడండి. చీరనో తాడునో చుట్టూ పట్టుకుని వరసగా ఉరికే ఆటలో ఆడపిల్ల కండక్టరు కావడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆర్టీసీలో మహిళా కండక్టర్లను పిల్లలు రోజూ చూస్తారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆటలోకి ‘జీరో టికెట్’ కూడా చేరింది. డ్రైవర్ సీటు దగ్గరే పేచీ. ఆ సీటులో మొన్నటిదాకా ఆడమనిషి కనిపించలేదు. యాదాద్రి భువనగిరి జిల్లా గిరిజన తండాకు చెందిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో బస్సు డ్రైవర్‌గా చేరింది. తెలంగాణ ఆర్టీసీ స్టీరింగు ఆమె చేతికి వచ్చింది 2025 జూన్‌లో. గనుల సంగతీ ఇంతే. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. ఆ నిషేధాన్ని కేంద్రం 2019లో సడలించింది. భూపాలపల్లి గనుల్లోకి షిఫ్టుకు పోయే జనంలో తల్లులు, అక్కలు ఎందరు కనిపిస్తే, చుట్టుపక్కల ఊళ్లలో డంపరు తోలతామనే ఆడపిల్లలు అందరు తేలుతారేమో చూడటానికి పరిశోధకులకు ఇప్పుడు మంచి అవకాశం ఉంది.